సెవరల్ అంటే ఎన్ని? బయ్యర్ మెయిల్ చూసి ఆఫీసులో గొడవ

చీమకుర్తి_నల్లరాయి
గ్రానైట్ ఎగుమతి చేసే ఆఫీసులో పని నాది. విదేశీ బయ్యర్ నుంచి మెయిల్ వచ్చింది. సరుకు చేరింది కానీ "సెవరల్ స్లాబ్స్"లో సన్న పగుళ్లున్నాయట, "ఎ ఫ్యూ స్లాబ్స్" మీద పాలిష్ సరిగా లేదట, "ఎ కపుల్ ఆఫ్ వీక్స్"లో సంగతి తేల్చమంటున్నాడు. మొత్తం పంపింది 140 స్లాబులు.

మా ఓనరు సెవరల్ అంటే ఏడు అంటాడు. సెవెన్, సెవరల్ ఒకే మాట నుంచి పుట్టాయట, ఆయనకి ఎవరో లెక్చరర్ చెప్పాడట. అకౌంట్స్ చూసే ఆయన మూడో నాలుగో అంటాడు. సూపర్‌వైజరేమో "సెవరల్ అంటే చాలా అని, సగం సరుకు పోయినట్టే" అని తల పట్టుకుని కూర్చున్నాడు. బదులు సరుకు పంపాలా, ధర తగ్గించాలా అనేది ఆ అంకెను బట్టే ఉంటుంది. అంత డబ్బు పెట్టి కొనేవాడికి ఒక అంకె రాయడానికి ఏం రోగం?

బిట్రగుంట_బండి
సెవరల్ అంటే సెవెనా! మీ ఓనరుకి ఒక దండం. అట్టయితే ఫ్యూ అంటే ఫోరు, ఎనీ అంటే ఎనిమిది.

ఒంగోలు_గిత్త
పైవాడు నవ్వించాడు గానీ మా ఊళ్లో ట్యూషన్‌లో నిజంగానే అట్టా చెప్పేవాళ్లు. కపుల్ రెండు, ఫ్యూ మూడు నుంచి ఐదు, సెవరల్ ఏడు, ఆ పైన మెనీ. ఎక్కాల్లాగా బట్టీ పెట్టించారు. ఆరు ఎవరి ఖాతాలోకి వస్తుందని అడిగితే బెంచీ ఎక్కించారు.

మూలాపేట_మాస్టారు
ఏడు సంగతి ముందు తేల్చేద్దాం. సెవరల్ అనేది లాటిన్‌లో "విడిగా, వేరుగా" అనే అర్థమున్న మాట నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లిష్‌లోకి వచ్చింది. సెపరేట్ దానికి దగ్గరి చుట్టం. సెవెన్ వంశం పూర్తిగా వేరు. దానికి చుట్టరికం ఉంటే మన సంస్కృతం "సప్త"తో ఉంది. రెండు మాటల మొదట్లో అక్షరాలు కలిసినంత మాత్రాన అన్నదమ్ములైపోవు.

ఇక నిఘంటువులు ఏమంటాయంటే, సెవరల్ అంటే రెండు కంటే ఎక్కువ, కానీ మరీ ఎక్కువ కాదు. ఫ్యూ అంటే తక్కువ సంఖ్య. అంతే. ఏ మంచి నిఘంటువూ అంకె వేయదు. ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లలో చాలామంది ఒప్పుకునేది వరస ఒక్కటే. కపుల్ చిన్నది, ఎ ఫ్యూ దానికంటే కాస్త పెద్దది, సెవరల్ ఇంకాస్త, మెనీ ఆ పైన. గట్లు ఎక్కడున్నాయంటే మాత్రం వాళ్లలో వాళ్లే కొట్టుకుంటారు. కాబట్టి మీ ఆఫీసులో ముగ్గురిలో ఎవరి లెక్కా లెక్క కాదు.

చీమకుర్తి_నల్లరాయి
మాస్టారూ, మీ పోస్టు స్క్రీన్‌షాట్ తీసి ఓనరుకి పంపాను. "ఆయన తెలుగు మాస్టారా ఇంగ్లిష్ మాస్టారా" అని అడిగాడు.

మూలాపేట_మాస్టారు
లెక్కల మాస్టారు అని చెప్పండి.

రొయ్యల_చెరువు
మా వ్యాపారంలో ఈ బాధ లేదు. కౌంట్ అంటే కౌంటే. 40 కౌంట్ అంటే కిలోకి 40 రొయ్యలు, 100 కౌంట్ అంటే కిలోకి వంద. అంకె పెరిగేకొద్దీ రొయ్య చిన్నది, రేటు తక్కువ. చెరువు గట్టు మీద తూకం వేసి లెక్కపెట్టి రేటు చెప్తారు. "సమ్ బిగ్, ఎ ఫ్యూ స్మాల్" అన్నవాడిని గట్టు దిగనివ్వం.

గుండ్లాపల్లి_పాలిష్
నల్లరాయి బ్రదర్, ఎన్ని అని అడక్కు. ప్రతి స్లాబుకీ నంబరు వేసే పంపి ఉంటారు కదా, ప్యాకింగ్ లిస్టులో కూడా ఉంటుంది. "పగిలిన వాటి స్లాబు నంబర్లు, ఫొటోలు పంపండి" అని రాయి. ఎన్ని అని అడిగితే వాడు మళ్లీ "క్వైట్ ఎ ఫ్యూ" అంటాడు. నంబర్లు అడిగితే చచ్చినట్టు గోడౌనుకి వెళ్లి చూడాలి. అప్పటిదాకా అది పగులా, రాయిలో పుట్టుకతో ఉన్న గీతా అనేది కూడా తేలదు. కొత్త బయ్యర్లు గీతని చూసి పగులు అంటారు.

బిట్రగుంట_బండి
ఇది పనికొచ్చే మాట. చర్చ మూసేయొచ్చు.

డల్లాస్‌లో_దగదర్తి
అప్పుడే మూయకండి, నా గోడు వినండి. అమెరికా వచ్చిన కొత్తల్లో మా టీమ్ లీడ్ "గివ్ మీ ఎ కపుల్ మినిట్స్" అంటే కరెక్టుగా రెండు నిమిషాలు చూసి మళ్లీ వెళ్లి నిలబడేవాడిని. ఆమెకి చిరాకు. ఇక్కడ కపుల్ అంటే నోటి మాటలో రెండు కావచ్చు, మూడు కావచ్చు, "ఇంకాసేపు నన్ను వదిలెయ్యి" అని కూడా కావచ్చు. కొందరు మాత్రం కపుల్ అంటే రెండే, మూడంటే తప్పు అని పోట్లాటకి దిగుతారు. మధ్యలో "ఆఫ్" కూడా ఎగ్గొట్టి "కపుల్ డేస్" అనేస్తారు. బ్రిటన్ వాళ్లకి అది వింటే ఒళ్లు మంట.

మీ బయ్యర్ ఏ దేశం? అమెరికావాడైతే "కపుల్ ఆఫ్ వీక్స్" గురించి మరీ టెన్షన్ పడకండి. జర్మనీవాడైతే పద్నాలుగో రోజు పొద్దున్నే మెయిల్ వస్తుంది.

ఒంగోలు_గిత్త
మ్యారీడ్ కపుల్ అంటే కూడా అక్కడ రెండో మూడోనా అన్నా?

డల్లాస్‌లో_దగదర్తి
అది మాత్రం రెండే. మూడైతే లాయర్ వస్తాడు.

కొండాయపాలెం_టీచర్
కపుల్, సెవరల్ కంటే మనవాళ్లని ముంచేది ఫ్యూ ముందు ఉండే ఆ చిన్న "ఎ". మనం మాట్లాడేటప్పుడు దాన్ని గాలికి వదిలేస్తాం. "ఫ్యూ ఫ్రెండ్స్ కేమ్" అంటాం, నలుగురైదుగురు స్నేహితులు వచ్చారు అనే ఉద్దేశంతో. ఇంగ్లిష్‌వాడికి వినపడేది "వచ్చినవాళ్లే తక్కువ, పెద్దగా ఎవరూ రాలేదు" అని. "ఎ ఫ్యూ" అంటే కొందరు ఉన్నారని చెప్పడం, వట్టి "ఫ్యూ" అంటే లేరని వాపోవడం. వచ్చినవాళ్లు రెండు వాక్యాల్లోనూ ఆ ఐదుగురే కావచ్చు. మారేది చెప్పేవాడి మొహం.

లిటిల్ కూడా అంతే. "ఎ లిటిల్ వాటర్" ఉందంటే తాగొచ్చు. "లిటిల్ వాటర్" అంటే ట్యాంకరు పిలవాలి.

ఒక స్కూలు పంపిన సర్క్యులర్ చూశాను (పేరు వద్దు): "ఫ్యూ పేరెంట్స్ హావ్ పెయిడ్ ది బస్ ఫీ. వి థాంక్ దెమ్." అది పొగడ్తా తిట్టా అని తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఒక పూటంతా నడిచింది.

ఉదయగిరి_ఎండ
మేడం, మరి "క్వైట్ ఎ ఫ్యూ"? ఫ్యూ అంటే తక్కువ, క్వైట్ అంటే బాగా, కాబట్టి బాగా తక్కువ. అవునా?

కొండాయపాలెం_టీచర్
కాదు, తలకిందులు. క్వైట్ ఎ ఫ్యూ అంటే చాలానే అని. "నాట్ ఎ ఫ్యూ" కూడా దాదాపు అంతే. "ఓన్లీ ఎ ఫ్యూ" అంటే మళ్లీ తక్కువ. దీనికి లాజిక్ అడగొద్దు, పిల్లలు అడిగితే నేనే బెల్లు ఎప్పుడు కొడతారా అని చూస్తా.

కందుకూరు_కోచింగ్
ఓన్లీ ఎ ఫ్యూ అనగానే నాకు బీపీ వస్తుంది. బ్యాంకు పరీక్షలకి చదువుతున్నా. రీజనింగ్‌లో సిలాజిజం అని ఉంటుంది, ఇచ్చిన వాక్యాల నుంచి ఏది తేలుతుందో చెప్పాలి. అక్కడ "సమ్" అంటే కనీసం ఒకటి. అన్నీ కూడా కావచ్చు! "సమ్ పెన్స్ ఆర్ బుక్స్" అని ఇస్తే పెన్నులన్నీ పుస్తకాలయ్యే అవకాశం కొట్టేయకూడదు. "ఓన్లీ ఎ ఫ్యూ" అని ఇస్తే మాత్రం కొన్ని అవును, కొన్ని కాదు, రెండూ పక్కా. ఇంట్లో మాట్లాడే ఇంగ్లిష్ పట్టుకుని వెళ్తే మార్కులు పోతాయి. నెగెటివ్ మార్కులు కూడా.

పొగాకు_బేళ్లు
ఇదేం లెక్క? నేను "వేలానికి తెచ్చిన బేళ్లలో కొన్ని అమ్ముడుపోయాయి" అంటే మిగతావి పోలేదనే కదా. అన్నీ పోతే కొన్ని అని ఎవడంటాడు?

కొండాయపాలెం_టీచర్
మీరన్నదీ నిజమే, కోచింగ్ తమ్ముడన్నదీ నిజమే. మాటకి తర్కం ఇచ్చే అర్థం ఒకటి, వినేవాడు ఊహించుకునేది ఒకటి. మీరు కొన్ని అన్నారంటే, అన్నీ అని చెప్పే వీలుండి కూడా చెప్పలేదంటే, అన్నీ కాదు కాబోలు అని నేను అనుకుంటాను. ఆ అనుకోవడం మాటలో లేదు, మన మధ్య ఉన్న మర్యాదలో ఉంది. గ్రైస్ అనే తత్వవేత్త దీన్ని బాగా విప్పి చెప్పాడు. మీరు "కొన్ని పోయాయి, నిజానికి అన్నీ పోయాయి" అంటే అబద్ధం ఆడినట్టు కాదు చూడండి. పరీక్ష పెట్టేవాళ్లు ఆ మర్యాదని తీసేసి వట్టి తర్కం మిగులుస్తారు.

పొగాకు_బేళ్లు
బేళ్లన్నీ పోయిన రోజు నేను కొన్ని అని ఎందుకంటా మేడం, ఊరంతా చెప్పుకుంటా.

ముత్తుకూరు_వరి
ఇంగ్లిష్ సంగతి పక్కన పెట్టండి, మన వాతావరణం వాళ్ల తెలుగు సంగతి చెప్పండి. "కొన్ని చోట్ల వర్షాలు" అంటారు, మా చేను మునుగుతుంది. "చాలా చోట్ల" అంటారు, మబ్బు కూడా పట్టదు. నవంబర్ వస్తే చాలు ఈ కొన్ని, చాలా అనే మాటలు విని పిచ్చెక్కుతుంది. ఎవరైనా తెలిసినవాళ్లు చెప్పండి, దానికి లెక్కుందా లేక టీవీవాడి నోటికొచ్చిందా?

సింగరాయకొండ_రేడియో
లెక్క ఉంది, అదీ గట్టి లెక్క. వాతావరణ శాఖ ఇంగ్లిష్ బులెటిన్‌లో ప్రతి మాటకీ శాతం ఉంటుంది. ఒక ప్రాంతంలో ఉన్న వర్షమాపక కేంద్రాల్లో ఎన్నింటిలో వాన పడుతుందనేది దాని లెక్క. 25 శాతం లోపైతే ఐసోలేటెడ్, మన పేపర్లలో "ఒకటి రెండు చోట్ల". 26 నుంచి 50 శాతం అయితే "ఎ ఫ్యూ ప్లేసెస్", అంటే కొన్ని చోట్ల. 51 నుంచి 75 అయితే "మెనీ ప్లేసెస్", చాలా చోట్ల. 76, ఆ పైన అయితే "మోస్ట్ ప్లేసెస్".

గమనించావా అన్నా, ఇది ఎక్కడెక్కడ అనే లెక్క, ఎంత అనే లెక్క కాదు. ఎంత అనేదానికి వేరే మాటలు. 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్లు పడితే భారీ వర్షం, 204.4 దాకా అతి భారీ, ఆ పైన అత్యంత భారీ. కాబట్టి "ఒకటి రెండు చోట్ల అత్యంత భారీ" అంటే తేలిగ్గా తీసుకోకూడదు. ఆ ఒకటి రెండు చోట్లలో ముత్తుకూరు ఉంటే అయిపోయాం. ఇంకోటి, వాళ్ల లెక్కలో ప్రాంతం అంటే కోస్తా ఆంధ్ర మొత్తం కావచ్చు, దక్షిణ కోస్తా కావచ్చు. నీ చేను దాంట్లో ఒక చుక్క.

ముత్తుకూరు_వరి
ఇన్నేళ్లలో ఈ ముక్క ఒక్కరూ చెప్పలేదే. ఐతే "ఒకటి రెండు చోట్ల" అంటే నిజంగా ఒకటి రెండు కాదన్నమాట.

సింగరాయకొండ_రేడియో
వంద కేంద్రాలుంటే ఇరవై అయిదు దాకా "ఒకటి రెండే".

బిట్రగుంట_బండి
ఇది విన్నాక మీ ఓనరు ఏడే నయం అనిపిస్తోంది.

ఫార్మసీ_అక్క
మందుల్లోనూ ఇట్టాంటి లెక్కే ఉంది. మా షాపుకి ఒక పెద్దాయన వచ్చి బీపీ మాత్రల డబ్బాలో వచ్చే సమాచారం చీటీ చూపించి "కామన్ సైడ్ ఎఫెక్ట్: డిజీనెస్ అని రాశారమ్మా, అంటే అందరికీ కళ్లు తిరుగుతాయా" అని భయపడ్డారు. మాత్రలు మానేసి వారం అయిందట. కామన్ అంటే మనకి మామూలుగా అందరికీ వచ్చేది అనే కదా తోస్తుంది.

యూరప్ పద్ధతిలో రాసిన చీటీల్లో వెరీ కామన్ అంటే పది మందిలో ఒకరు, లేదా అంతకంటే ఎక్కువ మందికి. కామన్ అంటే పదిమందిలో ఒకరి నుంచి వందలో ఒకరి దాకా. అన్‌కామన్ అంటే వందలో ఒకరి నుంచి వెయ్యిలో ఒకరి దాకా. రేర్ అంటే వెయ్యిలో ఒకరి నుంచి పదివేలలో ఒకరి దాకా. వెరీ రేర్ అంటే పదివేలలో ఒకరి కంటే తక్కువ. అంటే "కామన్" అన్నా కూడా పదిమందిలో తొమ్మిది మందికి ఏమీ కాదు. ఇది చెప్పాక ఆయన మొహం తేటపడింది. మాట వేసి ఊరుకోకుండా పక్కనే అంకె కూడా అచ్చేస్తే ఏం పోయింది? కొన్ని కంపెనీలు వేస్తాయి, కొన్ని వేయవు.

ఉదయగిరి_ఎండ
అక్కా, "కొన్ని" అన్నావు. ఎంత శాతం?

ఫార్మసీ_అక్క
షాపుకి రా, చెప్తా.

మూలాపేట_మాస్టారు
మాటల బదులు అంకెలు వేయమనే పోరు గూఢచారి శాఖల్లో కూడా నడిచింది. అమెరికా సీఐఏలో షెర్మన్ కెంట్ అని ఒకాయన ఉండేవాడు. 1951లో యుగోస్లావియా మీద దాడి జరగడానికి "సీరియస్ పాసిబిలిటీ" ఉందని నివేదిక రాశారు. దీనర్థం ఎంత అని పై అధికారి ఒకరు అడిగితే కెంట్ నూటికి అరవై అయిదు పాళ్లు అన్నాడు. ఆ అధికారి అంతకంటే బాగా తక్కువ అనుకున్నాడట. అనుమానం వచ్చి కెంట్ నివేదిక రాసిన తోటివాళ్లనే అడిగాడు. ఒకడు నూటికి ఇరవై అన్నాడు, ఇంకొకడు ఎనభై అన్నాడు. అందరూ కలిసి ఒప్పుకుని సంతకం పెట్టిన మాట అది! 1964లో ఆయన ఏ మాటకి ఎంత శాతమో పట్టిక వేస్తూ వ్యాసం రాశాడు. ఆఫీసులో చాలామంది దాన్ని పట్టించుకోలేదు. అంకె వేస్తే రేపు దొరికిపోతాం కదా.

కావలి_గుమాస్తా
ఆ ఆఖరి వాక్యం దగ్గర మాస్టారు అసలు సంగతి పట్టుకున్నారు. నల్లరాయి బయ్యర్‌కి అంకె రాక కాదు, తెలిసే వేయలేదు. సెవరల్ అంటే రేపు ఐదని తేలినా ఆయన మాట తప్పినట్టు కాదు, ఇరవై అని తేలినా కాదు. బేరానికి అది బలం.

నేను బ్యాంకులో చేసి రిటైరయ్యాను. సెవరల్ అన్న మాటకి ఇంకో మొహం ఉంది, అది తెలియక ఇళ్లు పోగొట్టుకున్నవాళ్లని చూశాను. లోన్ కాగితాల్లో "జాయింట్లీ అండ్ సెవరల్లీ లయబుల్" అని ఉంటుంది. ఇక్కడ సెవరల్లీ అంటే మాస్టారు చెప్పిన పాత అర్థమే, విడివిడిగా అని. నలుగురు కలిసి పది లక్షలు తీసుకుంటే ఒక్కొక్కరిది రెండున్నర లక్షల బాధ్యత అనుకుంటారు. కాదు. నలుగురూ కలిసి పది లక్షలకి బాధ్యులు, విడిగా ఒక్కొక్కరూ కూడా మొత్తం పది లక్షలకి బాధ్యులే. ముగ్గురు చేతులెత్తేస్తే నాలుగోవాడి మీద మొత్తం పడుతుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 43వ సెక్షన్ కూడా ఇదే చెప్తుంది. కట్టినవాడు తర్వాత మిగతావాళ్ల దగ్గర వాటా రాబట్టుకోవచ్చు, అది వాళ్లూ వాళ్లూ చూసుకోవాలి. హామీ సంతకం పెట్టినవాడికీ తప్పదు, 128వ సెక్షన్ ప్రకారం అప్పు తీసుకున్నవాడికి ఎంత బాధ్యతో హామీదారుకీ అంతే.

ట్రాక్టరు లోనుకి బావమరిది కదా అని సంతకం పెట్టిన ఒకాయన నోటీసు పట్టుకుని నా టేబుల్ దగ్గరికి వచ్చి "సెవరల్ అంటే కొందరు అనే కదా సార్, ఆ కొందరిలో నేను లేనని రాసుకోండి" అన్నాడు.

ఒంగోలు_గిత్త
ఆయన మీద జాలి వేస్తోంది, నవ్వూ వస్తోంది.

పొగాకు_బేళ్లు
మా నాన్న సంతకం పెట్టి ఉన్నాడు ఇద్దరు ముగ్గురికి. రేపే కాగితాలు తీస్తా.

గుండ్లకమ్మ_గాలి
ఫ్యూ అంటే ఎన్నో బైబిల్లోనే ఉంది కదా ఎవరూ చెప్పలేదేంటి. మొదటి పేతురు 3:20, నోవహు ఓడలో "కొందరు, అనగా ఎనిమిదిమంది" తప్పించుకున్నారని. ఇంగ్లిష్ పాత తర్జుమాలో కూడా ఫ్యూ అనే ఉంది. కాబట్టి ఫ్యూ అంటే ఎనిమిది. మా చర్చిలో ఒక పెద్దాయన దీని మీద ఎవరితోనైనా వాదిస్తాడు.

మూలాపేట_మాస్టారు
ఆ వచనం మీ పెద్దాయన వాదనకి ఎదురు సాక్ష్యం చెప్తుంది. ఫ్యూ అంటే ఎనిమిదని అందరికీ తెలిసే ఉంటే "అనగా ఎనిమిదిమంది" అని విడమర్చాల్సిన పనేముంది? కొందరు అని ఊరుకుంటే తెలియదు కాబట్టే అంకె వేశారు. పైగా లోకమంతా మునిగిపోతే మిగిలిన ఎనిమిదిమంది కొందరే. అదే ఎనిమిదిమంది ఒక ఆటోలో ఎక్కితే "ఎంతమందిని ఎక్కిస్తావయ్యా" అంటాం.

గుండ్లకమ్మ_గాలి
ఇది ఆయనకి చెప్పే ధైర్యం నాకు లేదు. అంకెల మాటొచ్చింది కాబట్టి, ఒంగోలు మిషన్ వాళ్లు మాత్రం కొందరు, అనేకులు అనకుండా రాసిపెట్టారు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం. అమెరికా నుంచి వచ్చిన మిషనరీ క్లౌ దొర కాలం. ఆ అంకె మా ఇళ్లలో చిన్నపిల్లలకి కూడా వచ్చు.

డల్లాస్‌లో_దగదర్తి
ఆటో ముక్క కరెక్టు. మొత్తం ఎంత ఉండొచ్చని మనసులో అనుకుంటామో దాన్ని బట్టే ఫ్యూ మారుతుంది. సినిమా హాల్లో "ఎ ఫ్యూ పీపుల్" అంటే ఓ ముప్పైమంది ఉండొచ్చు. లిఫ్టులో ఎ ఫ్యూ అంటే ముగ్గురు. మా చెల్లెలి పెళ్లికి మా నాన్న "కొద్దిమందినే పిలుస్తున్నాం, సింపుల్‌గా" అన్నాడు. మా అమెరికా ఫ్రెండు యాభైమంది అనుకుని వచ్చాడు. పంతికి రెండొందల విస్తళ్లు లేచాయి.

రొయ్యల_చెరువు
ఎన్ని పంతులు లేచాయన్నా?

డల్లాస్‌లో_దగదర్తి
సెవరల్.

ఉదయగిరి_ఎండ
అట్టా చూస్తే 140 స్లాబుల్లో సెవరల్ అంటే పదీ పదిహేను ఉండొచ్చు. 12 స్లాబులే పంపి ఉంటే సెవరల్ అంటే నాలుగైదు.

కావలి_గుమాస్తా
ఊహకి బాగానే ఉంది, కాగితం మీద పెట్టడానికి కాదు.

చీమకుర్తి_నల్లరాయి
అప్‌డేట్. గుండ్లాపల్లి అన్న చెప్పినట్టే స్లాబు నంబర్లు, ఫొటోలు అడిగాం. వచ్చాయి. పగుళ్లు అన్నవి 11. అందులో నాలుగు రాయిలో గీతలే, మా సూపర్‌వైజర్ ఫొటో చూడగానే చెప్పేశాడు, బయ్యర్ కూడా ఒప్పుకున్నాడు. పాలిష్ సరిగా లేనివి 5. మిగిలిన వాటికి ధర తగ్గింపు దగ్గర బేరం నడుస్తోంది.

ఓనరు ఏమన్నాడో ఊహించండి. 11లో నాలుగు తీస్తే ఎంత?

బిట్రగుంట_బండి
ఏడు!!! అయ్యయ్యో.

ఒంగోలు_గిత్త
ఇక ఆయన్ని పట్టలేం.

చీమకుర్తి_నల్లరాయి
లెక్చరర్‌కి ఫోన్ చేసి మరీ చెప్పాడు.

పెన్నా_గట్టు
ఆలస్యంగా వచ్చాను. ఇంగ్లిష్‌వాళ్లని అంతగా తిట్టకండి. మనకి కొలత మాటలు ఉండి కూడా ఏం చేశాం? పుట్టి అంటే నెల్లూరు ధాన్యం లెక్కలో 850 కిలోలు, కాటా వేసి చూపిస్తాం. అదే పుట్టిని పట్టుకెళ్లి "పుట్టెడు దుఃఖం" అన్నాం. ఆశకి గంప, కళ్లకి చారెడు, వెన్నకి పిసరు. ఎవరైనా కాటా వేశారా?

ముత్తుకూరు_వరి
తేమ ఎక్కువుందని ధాన్యం తిరగ్గొట్టిన రోజు నాకున్న దుఃఖం 850 కిలోల పైనే ఉంటుంది, తరుగు తీసినా.

రొయ్యల_చెరువు
దీనికి లైకు కొట్టాలో లేదో తెలియట్లేదు.

కొండాయపాలెం_టీచర్
పెన్నా_గట్టు గారూ, ఒక్క తేడా ఉంది. మనం తెలియనప్పుడు కూడా జంట అంకెలు వేస్తాం. ఐదారు, ఏడెనిమిది, పాతిక ముప్పై. కచ్చితం కాకపోయినా వినేవాడికి గట్టు ఎక్కడో తెలుస్తుంది. ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు మన పిల్లలు "సమ్", "సెవరల్" వెతుక్కుంటూ కూర్చుంటారు. "ఫైవ్ ఆర్ సిక్స్" అని రాస్తే తప్పేం లేదు, పైగా మంచి ఇంగ్లిష్. అలాగే "సమ్ 200 పీపుల్" అంటే దాదాపు 200 మంది అని. అంకె ముందు వచ్చే సమ్ వేరే సమ్. దీన్ని "కొంత 200 మంది" అని తెలుగు చేసిన వార్త ఒకటి చదివాను.

మూలాపేట_మాస్టారు
నేనూ చదివాను. పేపరు మడిచి పక్కన పెట్టి కాఫీ తాగాను.

కందుకూరు_కోచింగ్
అందరూ ఉన్నారు కాబట్టి నా డౌటు తీర్చండి, ఆదివారం పరీక్ష. "ఎ నంబర్ ఆఫ్ స్టూడెంట్స్" తర్వాత ఈజ్ రావాలా ఆర్ రావాలా? నంబర్ ఒక్కటే కదా, ఈజ్ పెట్టాను. మాక్ టెస్టులో తప్పు చూపించింది.

కొండాయపాలెం_టీచర్
"ఎ నంబర్ ఆఫ్" అంటే ఇక్కడ పలువురు అని, సెవరల్‌కి అన్న లాంటిది. కాబట్టి ఆర్. "ది నంబర్ ఆఫ్ స్టూడెంట్స్" అంటే విద్యార్థుల సంఖ్య, అది ఒక్కటే. అక్కడ ఈజ్. ఎ ఉందా ది ఉందా చూసుకో, మిగతా వాక్యం ఎంత పొడుగున్నా భయపడకు.

కందుకూరు_కోచింగ్
మరి "ఎ లాట్ ఆఫ్"?

కొండాయపాలెం_టీచర్
వెనక వచ్చే మాటని బట్టి. ఎ లాట్ ఆఫ్ వాటర్ ఈజ్, ఎ లాట్ ఆఫ్ స్లాబ్స్ ఆర్.

కందుకూరు_కోచింగ్
"మెనీ ఎ స్టూడెంట్"?

కొండాయపాలెం_టీచర్
ఏకవచనం. మెనీ ఎ స్టూడెంట్ హాజ్ ఫెయిల్డ్. అర్థం చాలామంది, క్రియ ఒక్కడిది. ఎందుకని అడక్కు.

కందుకూరు_కోచింగ్
అడగను మేడం. ఇంకో రెండు డౌట్లు ఉన్నాయి.

బిట్రగుంట_బండి
రెండంటే రెండేనా తమ్ముడూ, లేక వాతావరణ శాఖ వాళ్ల రెండా?